డిసెంబరులో అమ్మని తీసుకుని థాయ్‌లాండ్‌లోని నాన్ పట్టణానికి: చలి, తిండి, కొండదారి గురించి చెప్పగలరా?

బెజవాడ_బాటసారి

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో థాయ్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా అమ్మ. అమ్మకి అరవై ఎనిమిది. మోకాళ్లు నొప్పులు ఉన్నాయి గానీ మెల్లగా నడుస్తుంది. బ్యాంకాక్, పటాయా ఆఫీసువాళ్లతో ఇదివరకే చూశాను. ఈసారి మాల్స్, బీచ్‌లు వద్దు. చల్లగా, నెమ్మదిగా ఉండే ఊరు కావాలి.

ఉత్తరాన లావోస్ సరిహద్దు పక్కన నాన్ అనే పట్టణం ఉందని, చలికాలంలో చాలా బాగుంటుందని ఒక ఫ్రెండ్ చెప్పాడు. ఫొటోలు చూస్తే పచ్చటి వరిచేలు, వాటి వెనక కొండలు, కొండల మీద మబ్బులు. చూడగానే అమ్మ "ఇక్కడికే పోదాంరా" అంది. తెలుగులో దీని గురించి ఎక్కడా సమాచారం దొరకలేదు.

అక్కడ చలి ఎంత ఉంటుంది, స్వెటర్లు సరిపోతాయా? అమ్మ పక్కా శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. మేము ముగ్గురం చికెన్ వరకు తింటాం. పైన కొండల్లో ఉప్పు బావులు ఉన్నాయట, పాపకి అవి చూపించాలని ఉంది. కానీ ఘాట్ రోడ్డంటే అమ్మకి వాంతులు. ఇవన్నీ చూసుకుంటే చియాంగ్ మాయ్ వెళ్లిపోవడమే మంచిదా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.

గద్వాల_మగ్గం

నమస్తే అండీ. నేను బ్యాంకాక్‌లో బట్టల డిజైన్ పనిలో ఉన్నాను. మాది గద్వాల, మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగాను. నాన్‌కి మొదట వెళ్లింది అక్కడి నేతబట్ట చూడ్డానికి. ఇప్పుడు చలి మొదలైతే చాలు, ఏదో ఒక పని పెట్టుకుని వెళ్లిపోతుంటాను. మీ అమ్మగారిని తీసుకెళ్లడానికి చాలా మంచి ఊరు. చియాంగ్ మాయ్ పెద్ద సిటీ అయిపోయింది. ట్రాఫిక్ ఉంటుంది, గుళ్ల దగ్గర జనం ఉంటారు. మీరు అడిగిన నెమ్మది నాన్‌లోనే దొరుకుతుంది.

అయితే ఆ ఫొటోల సంగతి ముందే తెలుసుకుని వెళ్లండి. ఆ పచ్చటి చేలు నాన్‌కి 60 కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న పువా వైపువి. ఆగస్టు, సెప్టెంబరులో అలా ఉంటాయి. నవంబరుకల్లా కోతలు అయిపోతాయి. మీరు వెళ్లేసరికి చాలా పొలాల్లో కొయ్యకాళ్లే కనిపిస్తాయి. పచ్చదనం కోసం వానల్లో రమ్మని మీకు చెప్పలేను. 2024 ఆగస్టులో నాన్ నది పొంగి పట్టణమే నీళ్లలో మునిగింది. చలికాలం వచ్చేవాళ్లకి దక్కేది పొద్దుటి పొగమంచు, నీలంగా తేటపడ్డ ఆకాశం, మధ్యాహ్నం కూడా చెమట పట్టకుండా ఊరంతా తిరగగలగడం. అమ్మగారికి ఇదే మేలు.

చలి గురించి. పట్టణంలో డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 14, 15 డిగ్రీలు ఉంటుంది, చలిగాలులు వీస్తే ఇంకా దిగుతుంది. మధ్యాహ్నం 28, 29 దాకా పోతుంది. పొద్దున వేసుకున్న స్వెటర్ పదింటికల్లా చేతిలోకి వస్తుంది. అమ్మగారికి ఒక శాలువా, చెవులకి మఫ్లర్, సాక్సులు తప్పకుండా పెట్టండి. గుళ్లో చెప్పులు విప్పాక నేల గడ్డకట్టినట్టు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్ని తట్టుకోలేరు. చిన్న హోటళ్లలో హీటర్లు ఉండవు, వేడినీళ్లు మాత్రం వస్తాయి. అదనంగా ఒక దుప్పటి అడిగి పెట్టుకోండి.

తేదీలు మార్చుకునే వీలుందా? డిసెంబరు చివరి వారంలో బ్యాంకాక్ జనం అంతా కొత్త సంవత్సరానికి కొండలకి బయలుదేరతారు. గదుల రేట్లు పెరిగిపోతాయి, బస్సు టికెట్లు దొరకవు, కొండ మీద కార్లు బారులు తీరతాయి. డిసెంబరు 5, 10 తేదీల సెలవులకీ కొంచెం ఇదే పరిస్థితి. మీ పాపకి సంక్రాంతి సెలవులు ఉంటాయి కదా, అప్పుడు రండి. అప్పటికి రద్దీ తగ్గుతుంది, చలి అలాగే ఉంటుంది. జనవరి రెండో శనివారం థాయ్‌లాండ్‌లో పిల్లల దినం. ఊరూరా పిల్లలకి ఆటలు, బహుమతులు పెడతారు. ఆ తేదీ కలిసొస్తే పాప చాలా సంతోషిస్తుంది. ఫిబ్రవరి సగం దాటితే మాత్రం వద్దు. ఉత్తరాది కొండల్లో పొలాలు, అడవులు తగలబెట్టే కాలం అది. ఏప్రిల్ దాకా పొగ కమ్మేసి ఎదురుగా ఉన్న కొండ కూడా కనపడదు. ఆయాసం ఉన్నవాళ్లు ఆ రోజుల్లో అటు రానేకూడదు.

గది మాత్రం వాట్ పుమిన్ గుడికి నడిచి వెళ్లేంత దగ్గర్లోనే తీసుకోండి. ఊరికి నడిబొడ్డు అదే. గుడి, పాత రాజుగారి మేడలో పెట్టిన నేషనల్ మ్యూజియం, చుట్టూ ఏనుగులు మోస్తున్నట్టు కట్టిన స్తూపం ఉన్న చాంగ్ ఖామ్ గుడి, సాయంత్రం బజారు పెట్టే మైదానం, అన్నీ ఒకే కూడలి చుట్టూ ఉంటాయి. నేల చదునుగా ఉంటుంది. అమ్మగారు అలిసిపోతే ఐదు నిమిషాల్లో గదికి తీసుకెళ్లిపోవచ్చు.

వాట్ పుమిన్‌ని 1596లో కట్టారు. 19వ శతాబ్దంలో బాగుచేయించారు, గోడల మీది బొమ్మలు ఆ తర్వాతి కాలంవి. గుడి శిలువ ఆకారంలో ఉంటుంది. నాలుగు దిక్కులా నాలుగు తలుపులు, మధ్యలో వీపులు ఆనించి కూర్చున్న నలుగురు బుద్ధులు. ఏ తలుపు నుంచి వెళ్లినా బుద్ధుడు ఎదురుగానే ఉంటాడు. బయట రెండు పెద్ద నాగులు. వాటి తలలు ఒక వైపు మెట్ల దగ్గర, తోకలు అవతలి వైపు మెట్ల దగ్గర ఉంటాయి. గుడినే వీపు మీద మోస్తున్నట్టు కట్టారు.

అందరూ లోపలికి వెళ్లి ఒక బొమ్మ దగ్గర సెల్ఫీ తీసుకుని బయటికి వచ్చేస్తారు. ఒళ్లంతా పచ్చబొట్లున్న మగాడు ఒకామె చెవి దగ్గర గుసగుసలాడే బొమ్మ. ఊళ్లో ప్రతి టీషర్టు మీద, సంచి మీద అదే ఉంటుంది. అది చూడండి, చాలా బాగుంటుంది. కానీ అక్కడితో ఆగొద్దు. మిగతా గోడల మీద ఒక జాతక కథ, అంటే బుద్ధుడి పూర్వజన్మ కథ ఉంది, తండ్రిని వెతుక్కుంటూ వెళ్లే పిల్లవాడి కథ. కథ జాతకాలదే అయినా, గీసినవాడు అందులో తన ఊరినే పెట్టాడు. చుట్ట కాల్చే ఆడవాళ్లు, అరుగు మీద కబుర్లు చెప్పుకునేవాళ్లు, ఓడలో వచ్చిన తెల్లవాళ్లు, మగ్గం మీద కూర్చున్న ఒక పిల్ల. పాపకి అవన్నీ ఒక్కొక్కటిగా వెతికే పని పెట్టండి.

నేను మాత్రం ఆ ఆడవాళ్ల లుంగీల దగ్గరే ఆగిపోతాను. అక్కడ వాటిని సిన్ అంటారు. ఒక్కొక్కరి సిన్ మీద అడ్డచారలు వేరు. ఎక్కడ సన్న చార, ఎక్కడ వెడల్పు చార, కింద అంచు ఎర్రగా ఎంత మేర ఉండాలి, అన్నీ తేడాలతో గీశాడు. మగ్గం తెలిసినవాడో, మగ్గం పక్కనే బతికినవాడో గీసినట్టుంటుంది. ఇవాళ నాన్‌లో నేసేవాళ్లు కూడా ఈ గోడలు చూసి పాత చారలు మళ్లీ నేస్తున్నారు. ఆ బొమ్మల్లోని చారలే సాయంత్రం బజారులో అమ్మకానికి కనిపిస్తాయి. పొద్దున తొమ్మిదికి ముందు వెళ్లండి. టూరు బస్సులు అప్పటికి రావు. తూర్పు తలుపులోంచి వెలుతురు లోపలికి పడుతుంది. అమ్మగారిని ఒక పక్కన కూర్చోబెడితే కదలకుండానే సగం గోడలు చూడొచ్చు.

నదికి అవతల, పట్టణం నుంచి రెండు మూడు కిలోమీటర్లలో చే హేంగ్ గుడి ఉంది. గుట్ట మీద బంగారు రంగు స్తూపం, 14వ శతాబ్దంలో మొదలైంది. నాగుల మెట్లదారి ఉంది గానీ అమ్మగారితో ఎక్కనక్కర్లేదు, కారు పైదాకా వెళుతుంది. అక్కడి పన్నెండు జంతువుల సంవత్సరాల లెక్కలో కుందేలు సంవత్సరంలో పుట్టినవాళ్లు జీవితంలో ఒక్కసారైనా అక్కడికి వెళ్లాలని అక్కడి నమ్మకం. 1963, 1975, 1987, 1999లో పుట్టినవాళ్లకి అదే సంవత్సరం. మీలో ఎవరైనా ఉంటే ప్రదక్షిణ చేసి రండి. ఊరికి పడమర ఖావ్ నోయ్ గుట్ట మీద, పట్టణం వైపు చూస్తూ నిలబడ్డ బుద్ధుడి పెద్ద విగ్రహం ఉంది. అక్కడికీ కారు వెళుతుంది. తెల్లవారుజామున కింద ఊరంతా పొగమంచులో మునిగి కనిపించేది అక్కడి నుంచే. జనవరిలో సూర్యోదయం దాదాపు 6:50కి అవుతుంది. మరీ అర్ధరాత్రి లేవక్కర్లేదు.

మిగతాది తిండి గురించి. దాని గురించి నాకంటే గోదారి గారు బాగా చెప్తారు.

బ్యాంకాక్_గోదారి

మాది రాజమండ్రి. ఇంట్లో మా అత్తగారు కూడా గుడ్డు తినరు, అందుకని మీ టెన్షన్ నాకు తెలుసు. ఆవిడని తీసుకుని నాన్ వెళ్లి వచ్చాం, ఆకలితో ఎక్కడా ఇబ్బంది పడలేదు. కాకపోతే హోటల్లో కూర్చుని "వెజిటేరియన్" అంటే పని జరగదు. కూరగాయల వేపుడు అని తెచ్చినదాంట్లో కూడా చేపల సాస్, ఆయిస్టర్ సాస్ ఉంటాయి. ఉత్తరాది సలాడ్లలో అయితే పీతలతో చేసే నల్లటి ముద్ద కూడా కలుపుతారు, దాన్ని నామ్ పూ అంటారు.

"కిన్ జే" అని చెప్పండి. అప్పుడు మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ వేయరు. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు, ఆ సంగతి అమ్మగారికి ముందే చెప్పండి, చప్పగా అనిపిస్తుంది. జే భోజనం పెట్టే కొట్ల ముందు పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో ఒక గుర్తు ఉంటుంది, ఫోన్‌లో దాని బొమ్మ దాచుకుని ఊళ్లో వెతకండి. అయితే ఇవి చాలావరకు పొద్దున తెరిచి మధ్యాహ్నం భోజనాలయ్యాక సర్దేస్తారు. రాత్రికి ముందే కట్టించుకుని పెట్టుకోవాలి.

మామూలు కొట్లో తినాల్సి వస్తే "మాయ్ సాయ్ నామ్ ప్లా", అంటే చేపల సాస్ వేయొద్దని, "మాయ్ సాయ్ ఖాయ్", గుడ్డు వేయొద్దని చెప్పండి. థాయ్ అక్షరాల్లో రాసిన చీటీ చూపిస్తే ఇంకా మంచిది, నోటితో పలికింది వాళ్లకి సరిగ్గా అర్థం కాకపోవచ్చు. మేము ఆ చీటీకి లామినేషన్ చేయించాం.

బజారులో అమ్మగారు నిశ్చింతగా తినదగినవి కూడా ఉన్నాయి. వెదురు గొట్టంలో కొబ్బరిపాలతో ఉడికించిన జిగురు బియ్యం దొరుకుతుంది, ఖావ్ లామ్ అంటారు. వేడిగా ఉన్నప్పుడు గొట్టం చీల్చి ఇస్తారు, చలిలో తింటే ప్రాణం లేచొస్తుంది. మా అత్తగారు రోజూ అడిగి తిన్నారు. కాల్చిన చిలగడదుంపలు, ఉడికించిన మొక్కజొన్న, వేరుశెనగ ఉంటాయి. డిసెంబరులో నాన్ నారింజలు వస్తాయి, బంగారు రంగు తొక్కతో బాగా తియ్యగా ఉంటాయి. నాన్ వాళ్లు వాటిని గర్వంగా చూపిస్తారు. వేడి కొబ్బరిపాలలో పిండి ఉండలు వేసిన బువా లోయ్ అక్కడ బాగా ఫేమస్. కొన్నిట్లో తియ్యటి గుడ్డు వేస్తారు, అది వద్దని ముందే చెప్పాలి.

చికెన్ తినేవాళ్లు మఖ్వేన్ వేసి వేయించిన కోడి తినకుండా రావొద్దు. మఖ్వేన్ అంటే కొండల్లో దొరికే మసాలా గింజ. నిమ్మతొక్క వాసన, నోట్లో వేసుకోగానే నాలుక జివ్వుమంటుంది. కొత్త పంట చలికాలంలోనే వస్తుంది, నేను ఎండు గింజలు అరకిలో కొని తెచ్చుకుని ఇంట్లో కోడి వేపుడులో వేశాను. అద్భుతంగా కుదిరింది. ఖనోమ్ చీన్ నామ్ ఙియావ్ అని సన్నని బియ్యపు సేమ్యా పులుసులో ఇస్తారు, దాంట్లో పంది మాంసం, గడ్డకట్టిన రక్తం ముక్కలు వేస్తారు. ఆర్డర్ చేసే ముందు తెలుసుకుని చేయండి.

అన్నిటికంటే ముఖ్యం చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, ఊరగాయ. గుండ్రటి రెండు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో పడుతుంది, మన మూడు పిన్నులది పట్టదు, అడాప్టర్ కావాలి. గదిలో వండుకోవచ్చో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి, వంటగది ఉన్న చిన్న ఇళ్లు కూడా అద్దెకి దొరుకుతాయి. పెరుగు మూలమూలనా ఉన్న సెవెన్ ఎలెవెన్‌లో దొరుకుతుంది, పంచదార కలపనిది చూసి తీసుకోండి.

బెజవాడ_బాటసారి

ఇద్దరికీ ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే. గోదారి గారి పోస్టు చదివి వినిపిస్తే అమ్మ ఖావ్ లామ్ దగ్గర ఆపించి మళ్లీ చదవమంది. డిసెంబరు మానేసి సంక్రాంతి సెలవులకే మారుస్తున్నాం. పండుగ ఇంట్లో లేకుండా ఎలా అని అమ్మ కొంచెం బాధపడింది గానీ, భోగి రోజు ఇక్కడే ఉండి రాత్రికి బయలుదేరదామని అందరం ఒప్పుకున్నాం.

రెండు సందేహాలు. బ్యాంకాక్ నుంచి నాన్‌కి ఏది మేలు, బస్సా విమానమా? ఇక ఉప్పు బావుల సంగతి ఎవరైనా చెప్పండి. పాప "సముద్రం లేకుండా ఉప్పెలా వస్తుంది" అని రోజూ అడుగుతోంది.

బుల్లెట్_చందానగర్

బ్రదర్, ఉప్పు బావులు వదలొద్దు. ఊరి పేరు బో క్లువా. నేను బండి మీద వెళ్లాను. పువా నుంచి 1256 నంబరు రోడ్డు, డోయ్ పు ఖా నేషనల్ పార్కు మధ్యలోంచి 47 కిలోమీటర్లు. దారిలో 1715 మీటర్ల ఎత్తులో వ్యూ పాయింట్ ఉంటుంది. నేను దిగినప్పుడు గాలికి చేతులు కొంకర్లు పోయాయి, గ్లవ్స్ ఉండాల్సిందే.

పాప ప్రశ్నకి జవాబు ఇదీ. భూమి లోపల ఉప్పు పొరలున్నాయి, బావిలో ఊరే నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లు తోడి, మట్టిపొయ్యి మీద పెద్ద పెద్ద బాణలీల్లో గంటల తరబడి కాస్తారు. అడుగున ఉప్పు తేలగానే గరిటెతో తీసి, బాణలి మీదే వేలాడదీసిన వెదురు బుట్టలో వేస్తారు. బుట్టలోంచి కారే నీళ్లు మళ్లీ అదే బాణలిలో పడతాయి, చుక్క కూడా వృథా పోదు. పాక అంతా ఆవిరే. బయట చలి, లోపల పొయ్యి వేడి. నేను గంట సేపు అక్కడే కూర్చున్నా ఎవరూ ఏమీ అనలేదు. అక్కడున్న పెద్దావిడ వేడి వేడి ఉప్పు నా అరచేతిలో పోసింది, తెల్లగా, తడిగా, ఇసుకలా సన్నగా ఉంది.

వానాకాలంలో బౌద్ధుల మూడు నెలల వ్రతకాలంలో కాచడం ఆపేస్తారు, అందుకే చలికాలం వెళ్లేవాళ్లకి ఇది ఖాయంగా కనిపిస్తుంది. సముద్రానికి ఇంత దూరాన ఉప్పంటే ఆ రోజుల్లో బంగారమే. 15వ శతాబ్దం నడుమ చియాంగ్ మాయ్ రాజు తిలోకరాజ్ నాన్‌ని పట్టుకోవడానికి ఈ ఉప్పు కూడా ఒక కారణం అంటారు. అమ్మగారికి వాంతుల మాత్ర వేసి ముందు సీట్లో కూర్చోబెట్టండి, ఏం కాదు.

గద్వాల_మగ్గం

బుల్లెట్ గారూ, ఉప్పు గురించి మీరు చెప్పిందంతా నిజం. పాప చూడాల్సిందే. కానీ అమ్మగారిని ఆ దారిలో తీసుకెళ్లడానికి నేను ఒప్పుకోను. బండి నడిపేవాడికి మలుపు ఎటు తిరుగుతుందో ముందే తెలుస్తుంది, వెనక కూర్చున్నవాళ్లకి తెలియదు. పైగా ఆ రోడ్డు బాగా నిటారు, చివరిదాకా మలుపులే. పట్టణం నుంచి వెళ్లి రావడానికి రోజంతా పడుతుంది. ఒంట్లో బాలేని మనిషికి నడిమధ్యన కడుపులో తిప్పితే ముందుకీ వెళ్లలేరు, వెనక్కీ రాలేరు.

బాటసారి గారూ, ఆ రోజు మీరు ఇద్దరుగా విడిపోండి. మీరు, పాప డ్రైవరున్న కారు మాట్లాడుకుని పొద్దున ఆరుకే బో క్లువాకి బయలుదేరండి. కొండదారి అలవాటు లేనివాళ్లు అక్కడ సొంతంగా డ్రైవ్ చేయొద్దు. అమ్మగారు, మీ ఆవిడ ఇంకో కారులో నోంగ్ బువా వెళ్లొచ్చు. నాన్ నుంచి ఉత్తరాన 40 కిలోమీటర్లు ఉంటుంది. లోయ వెంబడే దారి, తిప్పే ఘాట్ ఏదీ ఉండదు.

నోంగ్ బువా తాయ్ లూ తెగవాళ్ల ఊరు. వాళ్ల పూర్వీకులు చైనా వైపు సిప్‌సాంగ్ పన్నా నుంచి వచ్చినవాళ్లు. ఊరి గుళ్లో కూడా గోడ బొమ్మలున్నాయి. వాట్ పుమిన్ గోడలు, ఈ గోడలు ఒకే చేతి పని అని అక్కడివాళ్లు నమ్ముతారు. రెండూ చూస్తే మొహాలు, కళ్లు గీసిన తీరు ఒకేలా కనిపిస్తుంది. గుడి దగ్గరే చెక్క ఇంటి కింద మగ్గాలు నడుస్తుంటాయి.

అక్కడ నేసే డిజైన్ పేరు లాయ్ నామ్ లాయ్. అలలు మెట్లు మెట్లుగా దిగుతున్నట్టు ఉంటుంది. మామూలుగా అయితే పేకని, అంటే అడ్డదారాన్ని, మోసుకెళ్లే నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఊపున పోతుంది. ఇక్కడ అలా పోదు. ఒక్కో రంగు పేక తన మేరకే వెళ్లి, పక్క రంగు పేకని కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. మా గద్వాల కుప్పడం చీరలో చీర ఒంట్లోని పేక, అంచు పేక ఇలాగే పెనవేసుకుంటాయి. మాకు అది అంచు దగ్గర ఒక్క చోటే. వాళ్లు బట్ట వెడల్పునా, రంగు మారిన ప్రతిచోటా వేలితో అలా మెలిపెడుతూ పోతారు. మొదటిసారి చూసినప్పుడు ఆ మగ్గం పక్కన నిలబడి మా నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత "ఆ పిల్లని కొంచెం మెల్లగా వేయమను, వేలు కనపడట్లేదు" అన్నారు. ఆమెకి సైగ చేస్తే నవ్వి, ఆయన కోసం మళ్లీ మెల్లగా వేసి చూపించింది.

ఇలాంటి సిన్ ఒకటి పూర్తవడానికి రోజులు పడుతుంది. అందుకని ధర ఎక్కువనిపిస్తుంది, బేరం ఆడొద్దని నా మనవి. మిషన్ మీద అచ్చు వేసినవి బజారులో తక్కువకి దొరుకుతాయి. తిప్పి వెనక వైపు చూడండి. చేత్తో నేసినదానికి రంగులు కలిసే చోట పేకల మెలిక వేలికి తగులుతుంది. అచ్చుదానికి వెనక పాలిపోయి ఉంటుంది. మీ అమ్మగారికి చీరలు తెలిసే ఉంటాయి, ఆవిడ చెయ్యి పెట్టగానే చెప్పేస్తారు.

రానుపోను గురించి. బ్యాంకాక్ నుంచి రాత్రి బస్సు పది పదకొండు గంటలు. పెద్దవాళ్ల మోకాళ్లకి అంతసేపు కాళ్లు ముడుచుకు కూర్చోవడం కష్టం. విమానం గంటా పావు. డాన్ మువాంగ్ ఎయిర్‌పోర్టు నుంచి వెళ్తుంది. ఇండియా నుంచి మీ విమానం సువర్ణభూమిలో దిగితే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ట్రాఫిక్‌లో చాలా సమయం పోతుంది, కనీసం ఐదారు గంటల గ్యాప్ పెట్టుకోండి. టికెట్ చూపిస్తే ఎక్కించుకునే ఉచిత బస్సు ఉంది. రైలు నాన్ దాకా రాదు. దగ్గరి స్టేషన్ డెన్ చాయ్, అక్కడి నుంచి మళ్లీ రెండు గంటలకు పైగా రోడ్డు. మీవాళ్లతో ఆ కష్టం వద్దు. థాయ్‌లాండ్ చేరే తేదీకి ముందు మూడు రోజుల లోపు థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, 2025 మే నుంచి అందరికీ తప్పనిసరి, పాపకి కూడా. దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు, డబ్బులడిగే సైట్లో నింపొద్దు. వీసా నియమాలు మారుతుంటాయి, టికెట్లు కొనే ముందు ఎంబసీ పేజీ చూసుకోండి.

బెజవాడ_బాటసారి

అక్కా, అమ్మ ఇప్పటికే నోంగ్ బువాలో ఏం కొనాలో మా ఆవిడతో మాట్లాడేసుకుంటోంది. ఇద్దరుగా విడిపోయే ఐడియా అందరికీ నచ్చింది. మేము ఆదివారం మధ్యాహ్నం చేరి గురువారం తిరిగి వచ్చేలా చూస్తున్నాం. సోమవారం వాట్ పుమిన్, మ్యూజియం, మంగళవారం ఉప్పు బావులు, నోంగ్ బువా, బుధవారం చే హేంగ్. సరిపోతుందా?

గద్వాల_మగ్గం

తమ్ముడూ, సోమ, మంగళవారాలు మ్యూజియం మూసేస్తారు. దాన్ని బుధవారానికి మార్చి, చే హేంగ్‌ని సోమవారం సాయంత్రానికి తీసుకోండి, ఎండ వాలుతున్నప్పుడు స్తూపం రంగు బాగుంటుంది. మ్యూజియం 1903లో కట్టిన రాజుగారి మేడ. నాన్‌కి 1931 దాకా సొంత రాజులుండేవాళ్లు. లోపల గరుడుడు భుజాల మీద మోస్తున్న నల్లటి ఏనుగు దంతం ఉంది, ఒక్కటే 18 కిలోలు, ఊరంతా దాన్ని దేవుడిలా చూస్తారు. ముందు దేవగన్నేరు చెట్లు రెండు వరసలుగా వంగి గొడుగులా కలిసిపోయి ఉంటాయి. చలికాలంలో ఆకు రాలి కొమ్మలే మిగిలినా పాప పరిగెత్తడానికి చోటు బాగుంటుంది.

ఇంకొకటి. వాట్ పుమిన్ ఎదుట మైదానంలో బజారు శుక్ర, శని, ఆదివారాల సాయంత్రాలే. చాపలు పరిచి చిన్న వెదురు పీటలు వేసి ఉంచుతారు, కొన్నది తెచ్చుకుని అక్కడే కూర్చుని తినొచ్చు. మీరు ఆదివారం చేరతారు కాబట్టి ఆ ఒక్క రాత్రే దక్కుతుంది. విమానం ఆలస్యమైతే అదీ పోతుంది. వీలైతే శనివారమే వచ్చేయండి. అమ్మగారు కింద కూర్చోలేరు కదా, మైదానం అంచున సిమెంటు అరుగులున్నాయి, ఆరు గంటలకి ముందే వెళ్తే చోటు దొరుకుతుంది. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ పెట్టండి, నోంగ్ బువాలో మగ్గాలు ఆ రోజు నడుస్తాయో లేదో కనుక్కుని చెప్తాను.